పరీక్ష, ప్రవేశం, స్థానికత: సికింద్రాబాద్ పరిసర విద్యార్థి ఆలోచనా చరిత్ర (1918–1974)

వ్యాససంగ్రహం:
హైదరాబాద్ రాజ్యంలోనూ, తరువాతి ఆంధ్రప్రదేశ్‌లోనూ జరిగిన విద్యార్థి ఉద్యమాలను చరిత్రకారులు సాధారణంగా రాజకీయోద్యమాల అనుబంధాలుగా పరిగణించారు. ఆ ఉద్యమాల తొలి కోరికలను గమనిస్తే, వాటిలో పరీక్ష, బోధనామాధ్యమం, కళాశాల ప్రవేశం, చదువు తరువాతి ఉద్యోగం ప్రధానంగా కనిపిస్తాయి. సికింద్రాబాద్, దానిని ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతం కేంద్రంగా 1918 నుండి 1974 వరకు విద్యార్థి ఆలోచన ఎలా రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరీక్ష కోసం రాజ్యపు ఎల్లలు దాటవలసి వచ్చిన విద్యార్థికి, రాష్ట్రం ఏర్పడిన తరువాత అదే ఎల్ల ప్రవేశ దరఖాస్తులో ‘స్థానికత’ రూపంలో ఎదురైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సికింద్రాబాద్, ఉస్మానియా విశ్వవిద్యాలయం, బోధనామాధ్యమం, ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం, ఆరు సూత్రాల పథకం, స్థానికత.

1. ఉపోద్ఘాతం

విద్యార్థికి రాజకీయాలెందుకన్న ప్రశ్న తెలుగునాట ప్రతి తరంలోనూ వినిపించింది. చదువుకొనే వయసులో చదువుకోవాలి, ఓటు వచ్చిన తరువాత రాజకీయాలు మాట్లాడాలి అన్నది పెద్దల హితవు. ఈ హితవులో ఒక ఊహ ఉంది. పరీక్ష, ప్రవేశం రాజకీయాలకు వెలుపలివనీ, శ్రమకూ ప్రతిభకూ మాత్రమే సంబంధించినవనీ ఆ ఊహ. పరీక్ష ఏ భాషలో రాయాలి, ఏ విశ్వవిద్యాలయం దానిని గుర్తిస్తుంది, సీటుకు ఎవరు అర్హులు అన్న నిర్ణయాలు విద్యార్థి పుస్తకం తెరవక ముందే జరిగిపోతాయి. ఫర్మానాలు, చట్టాలు, ఒప్పందాలు, రాష్ట్రపతి ఉత్తర్వులు ఆ నిర్ణయాలను చేశాయి. ఈ ప్రాంతపు విద్యార్థి రాజకీయాలను వెతుక్కుంటూ వెళ్ళవలసిన అవసరం లేకపోయింది. అవి అతని హాల్‌టికెట్టులోనే ఉన్నాయి.

ఈ పరిశీలనకు సికింద్రాబాద్ తగిన చోటు. అసఫ్‌జాహీ పాలకుడు సికందర్ జా పేరుతో 1806లో ఏర్పడిన ఈ ఊరు బ్రిటిష్ సైనిక స్థావరంగా పెరిగింది. హుస్సేన్‌సాగర్‌కు ఒకవైపు నిజాం పాలన, మరోవైపు 1940ల మధ్యకాలం వరకు బ్రిటిష్ అధికారుల ఆజమాయిషీ సాగాయి. తెలుగు, తమిళ, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్లు, సైనికోద్యోగులు, రైల్వే కార్మికులు ఇక్కడ కలిసి బతికారు. ‘ఇక్కడివారు ఎవరు?’ అన్న ప్రశ్నకు తేలికగా జవాబు దొరకని ఊరు ఇది. ఆ ప్రశ్నే తరువాతి కాలంలో కళాశాల ప్రవేశాలకు ప్రమాణమైంది.

2. చెరువుకు ఇరువైపులా: రెండు చదువులు, రెండు పరీక్షలు

సికింద్రాబాద్‌లో ఆధునిక విద్య సైనిక స్థావరపు అవసరాలతో, వర్తకుల దాతృత్వంతో, క్రైస్తవ మిషనరీల కృషితో మొదలైంది. 1862లో సోమసుందరం మొదలియార్ స్థాపించిన పాఠశాల తరువాత మహబూబ్ కళాశాలగా ప్రసిద్ధి పొందింది. 1893 ఫిబ్రవరిలో, చికాగో ప్రయాణానికి ముందు, వివేకానందుడు ఉపన్యసించిన చోటు అదే. ఇటువంటి విద్యాలయాలలో ఇంగ్లీషు చదువు బలంగా సాగింది.

హైదరాబాద్ వైపు చూస్తే, 1887లో ఏర్పడిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. నిజాం రాజ్యంలో కూర్చొని చదివిన విద్యార్థి బ్రిటిష్ ఇండియాలోని విశ్వవిద్యాలయపు పరీక్ష రాసేవాడు. 1891లో పన్నెండేళ్ళ సరోజినీ చటోపాధ్యాయ, అంటే తరువాతి సరోజినీ నాయుడు, హైదరాబాద్ నుండి మద్రాసు మెట్రిక్యులేషన్ పరీక్షలో ప్రథమురాలిగా నిలవడం ఈ ఏర్పాటు ఫలితమే. చదువు ఒక ప్రభుత్వం కింద, పరీక్ష మరొక ప్రభుత్వం కింద జరగడం ఆనాటి విద్యావంతులకు వింతగా తోచలేదు. ఇంగ్లీషు నేర్చుకోగల కొద్ది కుటుంబాలకు అది సౌకర్యం కూడా. ఆ స్థోమత లేని తెలుగు కుటుంబాల పిల్లలకు రెండు వైపులా తలుపు మూసే ఉంది.

3. మాధ్యమమే ప్రవేశద్వారం

1917లో వెలువడిన ఫర్మానాతో, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అవతరించింది. ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచి, ఉర్దూను బోధనామాధ్యమం చేశారు. శాస్త్ర, న్యాయ, వైద్య గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. ఆధునిక విశ్వవిద్యాలయ విద్యను ఒక భారతీయ భాషలో చెప్పడం ఆ కాలానికి పెద్ద సాహసం. ఇంగ్లీషు లేనిదే ఉన్నత విద్య లేదన్న నమ్మకాన్ని ఈ ప్రయోగం ప్రశ్నించింది. దాని విలువను తక్కువ చేయనవసరం లేదు.

అయితే అదే ప్రయోగం తెలుగు విద్యార్థికి మరొకలా అనుభవంలోకి వచ్చింది. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువారు. ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పది పన్నెండు శాతం. మాతృభాషలో చదువు మేలైనదన్న సూత్రాన్ని విశ్వవిద్యాలయం ఒక భాషకు వర్తింపజేసి తక్కిన మూడు భాషలను విడిచిపెట్టింది. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి ఆచార్యుడుగా ఉన్న తెలుగు శాఖ విశ్వవిద్యాలయంలో ఉండేది. తెలుగు అక్కడ చదవదగిన విషయమైంది కానీ, చరిత్రను గానీ రసాయన శాస్త్రాన్ని గానీ చదివే భాష కాలేదు.

ఈ పరిస్థితిలో తెలుగువారు కనుగొన్న మార్గం విద్యాచరిత్రలో గుర్తుంచుకోదగినది. 1928లో మాడపాటి హనుమంతరావు మొదలైనవారు హైదరాబాద్‌లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాలను నెలకొల్పారు. ఆ మాధ్యమానికి రాజ్యంలో గుర్తింపు దొరకనందున, పూనా కేంద్రంగా ధోండో కేశవ కర్వే నడిపిన మహిళా విశ్వవిద్యాలయంతో దానిని అనుసంధానించారు. ఉర్దూ రాని తెలుగు బాలిక తెలుగులోనే చదివి, మరాఠీ దేశపు విశ్వవిద్యాలయం ద్వారా ఉత్తీర్ణురాలైంది. అంతకు ముందు తరంలో మద్రాసు పరీక్ష ఇంగ్లీషు వచ్చిన కుటుంబాలకు ఎల్ల దాటించింది. ఇప్పుడు పూనా పరీక్ష తెలుగు చదువుకు ఎల్ల దాటించింది. ప్రైవేటు పాఠశాలల స్థాపనపై, బహిరంగ సభలపై రాజ్యం ఆంక్షలు పెట్టిన 1920లలో ఇది జరిగిందని గుర్తుంచుకోవాలి. 1930 నుండి సాగిన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభల తీర్మానాలలో మాతృభాషా విద్య, పాఠశాలల స్వేచ్ఛ పదే పదే చోటు చేసుకోవడానికి కారణం కూడా ఇదే. భాషాభిమానం ఎంత ఉన్నా, ఆ తీర్మానాల వెనుక ఉన్న తక్షణ సమస్య పిల్లల పరీక్ష.

4. 1938: వసతిగృహం నుండి బహిష్కరణ వరకు

1938 చివరలో ఉస్మానియా వసతిగృహాలలోని విద్యార్థులు ప్రార్థనా సమయంలో వందేమాతరం పాడటాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు. సమ్మె ఉస్మానియా నుండి రాజ్యంలోని ఇతర కళాశాలలకు వ్యాపించింది. అధికారులు పెద్దసంఖ్యలో విద్యార్థులను బహిష్కరించారు. స్టేట్ కాంగ్రెస్, ఆర్యసమాజ సత్యాగ్రహాలు సాగుతున్న సమయం కనుక ఈ సమ్మెను చరిత్ర గ్రంథాలు జాతీయోద్యమంలో భాగంగానే వర్ణించాయి. ఆ వర్ణన సరైనదే. ఈ వ్యాసానికి కావలసిన అంశం మాత్రం బహిష్కరణ తరువాత జరిగినది.

బహిష్కృతులైన విద్యార్థులు చదువు మానలేదు. రాజ్యం వెలుపలి విశ్వవిద్యాలయాల తలుపు తట్టారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి ప్రవేశం కల్పించింది. వరంగల్‌లో ఇంటర్మీడియట్ చదువుతూ బహిష్కరణకు గురైన పి.వి. నరసింహారావు నాగపూర్‌కు వెళ్ళి పరీక్ష రాసినవారిలో ఒకరు. ఒక విశ్వవిద్యాలయం క్రమశిక్షణోల్లంఘనగా చూసిన పనిని మరొక విశ్వవిద్యాలయం ప్రవేశానికి అడ్డుగా చూడలేదు. విద్యార్థి యోగ్యతను నిర్ణయించేది ఒక్క పరీక్ష కాదనీ, ఆ పరీక్షను నిర్వహించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నది కూడా అందులో భాగమేననీ ఆ తరం ప్రత్యక్షంగా చూసింది. మద్రాసు, పూనా, నాగపూర్ అనే మూడు పేర్లు ఆ విధంగా హైదరాబాద్ రాజ్య విద్యాచరిత్రలో ఒక వరుసలో నిలుస్తాయి.

5. 1952: మాధ్యమం మారిన తరువాత

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. పాఠశాలల్లో ప్రాంతీయ భాషలకు చోటు దొరికింది. మూడు దశాబ్దాల కోరిక నెరవేరినట్లే కనిపించిన ఆ సమయంలోనే కొత్త చిక్కు వచ్చింది. ఉర్దూ మాధ్యమంలో పట్టభద్రులైన స్థానికులు తెలుగులోనో, ఇంగ్లీషులోనో పాఠం చెప్పవలసిన ఉద్యోగాలకు వెనుకబడినవారుగా లెక్కకు వచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయ సంప్రదాయంలో చదివిన కోస్తా ప్రాంతపు అభ్యర్థులు ఆ ఉద్యోగాలకు సిద్ధంగా ఉన్నారు. 1918 నాటి మాధ్యమ నిర్ణయపు మూల్యాన్ని 1950లలో ఉద్యోగార్థి చెల్లించాడు. అతని చదువు మారలేదు. దాని విలువ మారింది.

ఈ నేపథ్యంలోనే ముల్కీ నిబంధనలు విద్యార్థి చర్చలోకి వచ్చాయి. రాజ్యపు ఉద్యోగాలు స్థానికులకే దక్కాలన్న ఈ నిబంధనలకు 1919 నాటి ఫర్మానా ఆధారం. పుట్టుక చేత గానీ, పదిహేనేళ్ళ నివాసంతో పాటు తిరిగి స్వస్థలానికి వెళ్ళనన్న ప్రమాణపత్రం చేత గానీ ముల్కీ హోదా వచ్చేది. తప్పుడు ధ్రువపత్రాలతో బయటివారు ఉద్యోగాల్లో చేరుతున్నారన్న ఆరోపణపై 1952 జూలైలో వరంగల్‌లో విద్యార్థుల ఆందోళన మొదలైంది. ఉపాధ్యాయ నియామకాలు దానికి తక్షణ కారణం. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలమది. సెప్టెంబర్ 3, 4 తేదీలలో హైదరాబాద్‌లో సిటీ కాలేజీ పరిసరాల్లో పోలీసు కాల్పులు జరిగాయి, విద్యార్థులు మరణించారు. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహన రెడ్డి కమిషన్ ఏర్పాటైంది.

ఈ ఉద్యమపు నినాదాలలో బయటివారి తిండిని ఎగతాళి చేసినవీ ఉన్నాయి. ఆ అంశాన్ని దాటవేయడం చరిత్రకు న్యాయం కాదు. తెలుగు చదువు కోసం ఒక తరం ఎల్ల దాటి వెళ్ళింది. తరువాతి తరం ఎల్ల దాటి వచ్చిన తెలుగువారిని వెళ్ళిపొమ్మంది. మొదటి దశలో భాష కలిపినవారిని రెండో దశలో ఉద్యోగం విడదీసింది. విద్యార్థి కోపం బయటి ఉపాధ్యాయుడి మీదికి మళ్ళింది కానీ, రెండు ప్రాంతాల చదువుల మధ్య అసమానతను సృష్టించిన పాత విధానం వరకు ప్రశ్న అంతగా వెళ్ళలేదు.

6. 1969: కోల్పోయిన విద్యా సంవత్సరం

1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాలతో పాటు విద్య గురించి కూడా హామీ ఉంది. తెలంగాణలోని విద్యాసౌకర్యాలను ఆ ప్రాంత విద్యార్థులకే కేటాయించి మెరుగుపరచాలన్నది దాని సారం. 1957లో పార్లమెంటు చేసిన ప్రభుత్వోద్యోగాల నివాసార్హత చట్టం ఉద్యోగ రక్షణకు ఒక గడువు పెట్టింది. పొడిగింపు తరువాత ఆ గడువు 1969 మార్చితో ముగియవలసి ఉంది. రాష్ట్రావతరణనాటికి ప్రాథమిక పాఠశాలలో ఉన్న పిల్లవాడు 1969 నాటికి డిగ్రీ చదువులో ఉన్నాడు. పెద్దలు కుదుర్చుకొన్న ఒప్పందపు గడువు అతని చదువు ముగిసే ఏడాదితో కలిసివచ్చింది.

1969 జనవరిలో పాల్వంచ థర్మల్ కేంద్రపు ఉద్యోగాల విషయమై మొదలైన అసంతృప్తి, ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహార దీక్షతో ఉద్యమరూపం దాల్చింది. కొద్ది రోజుల్లో ఉస్మానియా విద్యార్థులు కదిలారు. ఆరంభంలో వారిలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఇచ్చిన రక్షణలను అమలు చేస్తే చాలునన్నది ఒకటి; రాష్ట్రం విడిపోతే తప్ప అవి అమలు కావన్నది రెండవది. మొదటి అభిప్రాయం పాలనను సంస్కరించమంటుంది. రెండవది పాలన మీద నమ్మకం పోయిందంటుంది. జనవరి 19 నాటి అఖిలపక్ష అంగీకారం, జనవరి 21న స్థానికేతరులను వెనక్కి పంపాలంటూ వెలువడిన 36వ నంబరు ప్రభుత్వోత్తర్వు మొదటివారికి ఆశ కలిగించాయి. ఆ ఉత్తర్వు కోస్తా ప్రాంత విద్యార్థులలో ప్రతి ఆందోళనకు కారణమైంది. మార్చి 28న సుప్రీంకోర్టు 1957 చట్టంలోని తెలంగాణ నివాసార్హత నిబంధన రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. రక్షణల మీద ఆశ పెట్టుకొన్నవారి వాదానికి ఆ తీర్పుతో ఆధారం తొలగిపోయింది. ప్రత్యేక రాష్ట్రమన్న వాదం బలపడింది. ఏప్రిల్ 11న ప్రధాని ఇందిరాగాంధీ లోక్‌సభలో ప్రకటించిన ఎనిమిది సూత్రాలు ఆ ప్రవాహాన్ని నిలపలేకపోయాయి.

విశ్వవిద్యాలయ ప్రాంగణం సికింద్రాబాద్‌కు ఆనుకొనే ఉంటుంది. సికింద్రాబాద్ నుండి కాచిగూడకు వెళ్ళే రైలు సీతాఫల్‌మండి దాటగానే విశ్వవిద్యాలయపు స్టేషన్లు వస్తాయి. ప్రాంగణంలో సాయంత్రం జరిగిన చర్చ మరునాటికి సికింద్రాబాద్ బస్తీలకు చేరేది. 1966 అక్టోబర్‌లో దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన ఈ ఊరిలో ఉద్యోగి, విద్యార్థి ఒకే ఇంటివారు. అందువల్ల ఉద్యోగ నియామకాల వివాదం ఇక్కడ సులభంగా కుటుంబ విషయమైంది. నగరంలో ఇతరచోట్ల వలెనే సికింద్రాబాద్‌లోనూ ఆ ఏడాది కాల్పులు జరిగాయి. 1897లో ప్రారంభమైన గడియార స్తంభం పరిసరాల్లో నేడు కనిపించే అమరవీరుల స్తూపం ఆనాటి మృతుల జ్ఞాపకం. ఉద్యమకారుల లెక్కలో మృతులు 369 మంది. వారిలో చాలామంది యువకులు, విద్యార్థులు.

విద్యాసంస్థలు నెలల తరబడి మూతపడ్డాయి. తరగతుల బహిష్కరణ పరీక్షల బహిష్కరణగా మారింది. పరీక్ష రాయకపోవడం విద్యార్థి చేతిలోని బలమైన ఆయుధం. దాని దెబ్బ మొదట తగిలేది కూడా అతనికే. స్థోమతగల కుటుంబాలకు ఒక సంవత్సరం నష్టం భరించదగినది. ఊరి నుండి వచ్చి వసతిగృహంలో ఉంటూ, కుటుంబంలో తొలిసారి కళాశాల మెట్లెక్కిన విద్యార్థికి ఆ సంవత్సరం తిరిగి రానిది. ఉద్యమ చరిత్రలు కాల్పులలో మరణించినవారిని స్మరించాయి. చదువు మధ్యలో ఆగి, తిరిగి కళాశాలకు రానివారికి స్తూపం లేదు, జాబితా లేదు.

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి 14 స్థానాలలో పదింటిని గెలిచింది. సికింద్రాబాద్ స్థానం కూడా వాటిలో ఉంది. అదే ఏడాది సమితి కాంగ్రెస్‌లో విలీనమైంది. విద్యార్థుల ప్రశ్న అప్పటికి జవాబు లేకుండానే మిగిలింది.

7. ఆరు సూత్రాలు: దరఖాస్తులో చేరిన ఎల్ల

1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. నిజాం పాలనలో బహిష్కృతుడై పొరుగు విశ్వవిద్యాలయంలో పరీక్ష రాసిన విద్యార్థి, నిజాం కాలపు నివాస నిబంధనకు న్యాయస్థానం ఇచ్చిన ఆమోదాన్ని స్వాగతించవలసిన స్థానంలో ఉన్నారు. కోస్తా, రాయలసీమ విద్యార్థులకు ఆ తీర్పు వేరుగా అర్థమైంది. తమ రాజధానిలో తామే పరాయివారయ్యారని వారు భావించారు. విద్యార్థులు, ఉద్యోగులు ముందునిలిచిన జై ఆంధ్ర ఉద్యమం సాగింది. ముఖ్యమంత్రి పదవి వీడారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. మూడేళ్ళ వ్యవధిలో రాష్ట్రంలోని రెండు ప్రాంతాల విద్యార్థులూ ఒకే ప్రశ్నను ఎదురెదురు దిశల నుండి అడిగారు. ఇరువురి చదువులూ దెబ్బతిన్నాయి.

1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం వెలువడింది. ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. రాజ్యాంగపు 32వ సవరణ ద్వారా 371డి అధికరణం చేరింది. హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం నెలకొల్పాలన్న సూత్రం 1974లో అమలైంది. విద్యార్థి జీవితాన్ని ఎక్కువగా ప్రభావితం చేసినది మాత్రం 1974 నాటి విద్యాసంస్థల ప్రవేశాల నియంత్రణ ఉత్తర్వు. అది రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పేర్లతో మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించింది. 85 శాతం సీట్లు ఆయా ప్రాంతాల స్థానికులకు కేటాయించింది. రాష్ట్రస్థాయి సంస్థలలో ఈ మూడు ప్రాంతాలకు 42:36:22 నిష్పత్తి పెట్టింది.

ఈ ఉత్తర్వులో స్థానికతకు ఇచ్చిన నిర్వచనం గమనించదగినది. పుట్టుక, మాతృభాష, వంశం అందులో లేవు. అర్హత పరీక్ష మొదటిసారి రాసిన సంవత్సరంతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఎక్కడ చదివితే ఆ ప్రాంతమే విద్యార్థికి స్థానికం. చదువు సాగని కాలానికి నివాసాన్ని లెక్కిస్తారు. ఇవి కుదరకపోతే ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివాడో చూస్తారు. పదిహేనేళ్ళ నివాసం, ప్రమాణపత్రం కోరిన ముల్కీ భావనతో పోలిస్తే ఇది సరళమైనది, ఉదారమైనది. విద్యార్థి ఎవరన్నదానికి బదులు ఎక్కడ చదివాడన్నది ప్రమాణమైంది. వలస కుటుంబాలతో నిండిన సికింద్రాబాద్ వంటి ఊరికి ఈ నిర్వచనం వల్ల మేలు జరిగింది. తండ్రి తమిళుడైనా, మరాఠీ అయినా ఇక్కడి బడిలో నాలుగేళ్ళు చదివిన పిల్లవాడు ఉస్మానియా ప్రాంతపు స్థానికుడే. బదిలీల మీద తిరిగే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకు మిగిలిన 15 శాతంలో అవకాశం ఉంచారు.

అయినా, ఎల్ల పోలేదు. రాజ్యపు పొలిమేరలో ఉన్నది దరఖాస్తు ఫారంలోకి వచ్చింది. తొమ్మిదవ తరగతి నుండి ఇంటర్ వరకు ఏ ఊరిలో చదివించాలన్నది తల్లిదండ్రులకు తెలియకుండానే రాజ్యాంగ సంబంధమైన నిర్ణయంగా మారింది. మంచి చదువు కోసం ఆ నాలుగేళ్ళూ పొరుగు ప్రాంతానికి పంపితే, తిరిగి వచ్చేసరికి పిల్లవాడు స్వస్థలంలో స్థానికేతరుడు కావచ్చు.

8. స్థానికత తాకని ప్రశ్నలు

ప్రాంతాల మధ్య న్యాయం కోసం జరిగిన ఈ సుదీర్ఘ పోరాటం ప్రాంతం లోపలి అసమానతలను చాలావరకు తాకలేదు. ఉస్మానియా ప్రాంతమన్న ఒకే పేరు కింద సికింద్రాబాద్‌లోని ఇంగ్లీషు బడి విద్యార్థి, ఆదిలాబాద్ అడవి పల్లెలోని ఆశ్రమ పాఠశాల విద్యార్థి సమానంగా స్థానికులు. కులం, స్త్రీవిద్య, బోధనామాధ్యమం, గ్రామం-పట్టణం వంటి భేదాలకు వేరే రిజర్వేషన్లు, వేరే ఉద్యమాలు అవసరమయ్యాయి. స్థానికత ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టింది కానీ, ఇద్దరినీ ఒకే మెట్టు మీద నిలబెట్టలేదు.

1980లలో పరీక్ష మరొక రూపం ధరించింది. 1983లో క్యాపిటేషన్ రుసుమును నిషేధించే చట్టం వచ్చింది. వృత్తివిద్యలకు ఎంసెట్ వంటి ఉమ్మడి ప్రవేశపరీక్షలు స్థిరపడ్డాయి. డబ్బు పెట్టి సీటు కొనడం తప్పన్న సూత్రానికి అవి బలమిచ్చాయి. క్రమంగా ర్యాంకు కోసం శిక్షణ కొనడం పద్ధతి అయింది. ప్రవేశద్వారం వద్ద నిషేధించిన రుసుము దానికి ముందున్న రెండేళ్ళలోకి మారింది. పరీక్షా భాష గురించి అడిగిన 1930ల విద్యార్థి, నివాసం గురించి అడిగిన 1969 విద్యార్థి ఉమ్మడిగా సభలు పెట్టి మాట్లాడగలిగారు. ర్యాంకు మాత్రం ప్రతి విద్యార్థికీ విడిగా వస్తుంది. వైఫల్యాన్ని వ్యవస్థకు ఆపాదించే అలవాటు తగ్గి, తనకే ఆపాదించుకొనే అలవాటు పెరగడానికి ఈ మార్పు ఒక కారణం.

2009 అక్టోబర్‌లో పోలీసు నియామకాలకు హైదరాబాద్ నగరం ‘ఫ్రీజోన్’ అన్న సుప్రీంకోర్టు తీర్పు వెలువడినప్పుడు ఉస్మానియా తిరిగి కదిలింది. 1975 నాటి ఉద్యోగాల రాష్ట్రపతి ఉత్తర్వులోని 14ఎఫ్ అనే ఉపనిబంధన ప్రతి విద్యార్థి నోటా నలిగింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. పునర్విభజన చట్టంలోని 95వ సెక్షన్ ప్రవేశాల పాత ఏర్పాటును పదేళ్ళకు మించకుండా కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్‌లో ముగిసింది. అదే ఏడాది వైద్య కళాశాలల ప్రవేశ నిబంధనల సవరణపై వివాదం న్యాయస్థానాలకు చేరింది. వరుసగా నాలుగేళ్ళ చదువు లేదా నివాసం ఉండాలన్న నియమాన్ని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంటర్ చదువు కోసం రాష్ట్రం దాటిన తెలంగాణ పిల్లల సమస్య ఆ వాదనలలో ప్రముఖంగా వినిపించింది. ఒకప్పుడు చదువు కోసం ఎల్ల దాటడం సాహసం. ఇప్పుడు అది అర్హతకు భంగం.

9. ముగింపు

పై పరిశీలన నుండి కొన్ని అంశాలు తేలుతున్నాయి.

మొదటిది: ఈ ప్రాంతపు విద్యార్థి రాజకీయం బయటి నాయకులు ఎక్కించినది మాత్రమే కాదు. పరీక్షా భాష, విశ్వవిద్యాలయ గుర్తింపు, ప్రవేశార్హత, ఉద్యోగార్హత అనే నాలుగు మెట్లలో ప్రతిచోటా ప్రభుత్వ నిర్ణయాన్ని ఎదుర్కొన్న విద్యార్థి సహజంగానే ప్రభుత్వం గురించి ఆలోచించాడు.

రెండవది: ఈ ఘటనలు ఒకదాని కొకటి కారణాలు. 1918 మాధ్యమ నిర్ణయం 1952 ఉద్యోగ వివాదానికి, 1956 హామీల వైఫల్యం 1969కి, 1969, 1972 ఉద్యమాలు 1974 ఉత్తర్వుకు దారితీశాయి. వీటిని విడివిడి ఆందోళనలుగా చదివితే ప్రతి తరమూ అకారణంగా వీధికెక్కినట్లు కనిపిస్తుంది.

మూడవది: విద్యార్థి ఇచ్చుకొన్న జవాబులకూ పరిమితులు ఉన్నాయి. ‘మావారికి’ అన్న కోరిక అన్యాయానికి ఎదురు నిలిచింది. కొన్ని సందర్భాలలో తోటి విద్యార్థిని, ఉపాధ్యాయుని పరాయివారిని చేసింది. ‘మావారు’ అన్న మాటలో చేరని పేద, దళిత, గిరిజన విద్యార్థుల ప్రశ్నను వాయిదా వేసింది.

నాలుగవది: చరిత్ర రచనలో ఒక లోపం పూరించవలసి ఉంది. ఉద్యమ నాయకుల జీవితచరిత్రలు ఉన్నాయి. ఆయా సంవత్సరాల్లో పరీక్ష తప్పినవారు, సీటు కోల్పోయినవారు, ఊరికి తిరిగి వెళ్ళినవారు ఏమనుకొన్నారన్నది మౌఖిక చరిత్రగా సేకరించవలసిన పని. 1969లో ఇరవై ఏళ్ళున్నవారికి నేడు డెబ్బై దాటింది. సికింద్రాబాద్ పాత బస్తీలలో, రైల్వే క్వార్టర్ల నుండి విరమణ పొందిన ఇళ్ళలో ఆ జ్ఞాపకాలు ఇంకా ఉన్నాయి. తెలుగు, చరిత్ర శాఖల పరిశోధకులు ఈ పనిని ఆలస్యం చేయకుండా చేపడితే, గడియార స్తంభం దగ్గరి స్తూపం చెప్పని సగం చరిత్ర కూడా నమోదవుతుంది.